యాంటీబయాటిక్ బదులు వెల్లుల్లి, వాము, పసుపు సరిపోతాయా?

ప్రశ్న: హోస్కోట దగ్గర మాకు బ్రాయిలర్ షెడ్డు ఉంది. పిల్లలు దిగిన రోజు నుంచే రోగం రాకూడదని నీళ్లలో యాంటీబయాటిక్ కలుపుతున్నాం. మా కోళ్లు కొనే బెంగళూరు హోటల్ వాళ్లు అలాంటివి వాడని కోడి కావాలంటున్నారు. కషాయాలతో నెట్టుకురావచ్చా? ఇప్పుడు 22 రోజుల పిల్లలు కొన్ని నెత్తుటి రెట్ట వేస్తున్నాయి.

జవాబు: ముందు ఆ నెత్తుటి రెట్ట సంగతి చూడండి. ఈ వయసులో అది ఎక్కువగా కాక్సిడియోసిస్, అంటే రక్తపారుడు. దీనికి కారణం బ్యాక్టీరియా కాదు, ఐమీరియా అనే పరాన్నజీవి. కషాయం పోసి రెండు రోజులు చూద్దాం అనుకోకండి, పిల్లలు దక్కవు. పశువైద్యుణ్ణి అడిగి ఆంప్రోలియం లాంటి మందు వెంటనే మొదలుపెట్టండి. తడిసిన లిట్టర్‌ను, అంటే షెడ్డు నేల మీద పరిచిన ఊక లాంటిదాన్ని, తీసేయండి. అప్పుడే చనిపోయిన పిల్లలుంటే ఐసు పెట్టెలో పెట్టి హెబ్బాళ పశువైద్య కళాశాలకు తీసుకెళ్లి పోస్ట్‌మార్టం చేయించండి.

ఇక మీ అసలు ప్రశ్న. రోగం లేకపోయినా రోజూ పోసే యాంటీబయాటిక్‌ను మానేయవచ్చు, మానేయాలి కూడా. అలా పోస్తూ ఉంటే మందుకు లొంగని ఇ.కోలై లాంటి సూక్ష్మజీవులే షెడ్డులో మిగులుతాయి, రేపు నిజంగా రోగం వచ్చినప్పుడు ఆ మందు పనిచేయదు. మనుషుల ప్రాణం కాపాడే కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను పశువులకు, కోళ్లకు వాడకూడదని కేంద్రం 2019లో నిషేధించింది కూడా ఇందుకే.

ఆ రోజువారీ మందు స్థానంలో మొక్కల సారాలు వాడుకోవచ్చు. వాములోని థైమాల్ బ్యాక్టీరియా పైపొరను దెబ్బతీస్తుంది. వెల్లుల్లిని దంచాకే అందులో సూక్ష్మజీవులను అడ్డుకునే అల్లిసిన్ పుడుతుంది, ఉడికిస్తే ఆ గుణం చాలావరకు పోతుంది. కాబట్టి అప్పటికప్పుడు పచ్చిగా దంచి దాణాలో కలపండి. వాము కషాయాన్ని మూత పెట్టి కాయండి, లేకపోతే సారం ఆవిరితో పోతుంది. పసుపు కిలో దాణాకు 5 గ్రాములు చాలు. నేలవేము కషాయం కూడా ఇస్తే, దాని చేదుకు పిల్లలు నీళ్లు తాగడం తగ్గిస్తాయేమో గమనించండి.

ఇవేవీ టీకాకు బదులు కావు. కొక్కెర తెగులు, గంబోరో వైరస్ రోగాలు, వాటికి టీకాయే దిక్కు. నీళ్లలో టీకా ఇచ్చే రోజు కషాయం, క్లోరిన్ ఏదీ కలపకండి. బ్యాక్టీరియా రోగమని ల్యాబ్‌లో తేలితే మాత్రం డాక్టరు రాసిన యాంటీబయాటిక్‌ను పూర్తి కోర్సు వాడాల్సిందే. ఆ తర్వాత లేబుల్ మీద చెప్పినన్ని రోజులు ఆగి, అప్పుడు అమ్మండి. ఆ బ్యాచ్‌ను మందులు వాడనిదని హోటల్ వాళ్లకు చెప్పకండి.

వచ్చే బ్యాచ్‌లో ఒక్కసారిగా అంతా మార్చేయకండి. షెడ్డు మధ్యలో వల కట్టి, నీళ్ల లైను వేరు చేసి, సగం పిల్లలకే మూలికలు ఇవ్వండి. రెండో సగానికి ఏమీ కలపని నీళ్లే పెట్టండి. వారానికోసారి రెండు వైపులా తూకం వేసి, తిన్న దాణా, చనిపోయిన పిల్లల లెక్క రాసి పంపండి. మీ షెడ్డుకు ఏది ఎంత కలపాలో దాన్ని చూసి చెబుతాను.