డోపింగ్ మందు ‘ఉత్ప్రేరకం’ ఎలా అవుతుంది?

ప్రశ్న: టెన్నిస్ వార్తల్లో ‘నిషేధిత ఉత్ప్రేరకం వాడి డోపీగా పట్టుబడ్డాడు’ అని రాస్తున్నారు. మా అమ్మాయి కెమిస్ట్రీ పుస్తకంలో ఉత్ప్రేరకానికి అర్థం వేరుగా ఉంది. ఏది సరైనది?

సమాధానం: మీ అమ్మాయి పుస్తకమే. రసాయన చర్య వేగాన్ని పెంచి, చివరికి తాను ఖర్చైపోకుండా మిగిలేది ఉత్ప్రేరకం. నూనెను వనస్పతిగా మార్చేటప్పుడు వేసే నికెల్ అలాంటిది. ‘ప్రేరణ’లోని పురికొల్పడమనే అర్థం పట్టుకుని పత్రికలు ఆ మాటను డోపింగ్ మందులకూ అంటగట్టాయి.

ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ నిషిద్ధ జాబితాలోవన్నీ పురికొల్పే మందులు కావు. 2016 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో టెన్నిస్ క్రీడాకారిణి షరపోవా శాంపిల్‌లో బయటపడ్డ మెల్డోనియం గుండెజబ్బుకు ఇచ్చేది. జాబితాలో చేరిందే ఆ జనవరి 1న. మరో టెన్నిస్ క్రీడాకారిణి హలెప్ కేసులోని రోక్సాడుస్టాట్ రక్తహీనతకు వాడేది. వేరే మందు జాడ మూత్రంలో తెలియకుండా చేసేవీ జాబితాలో ఉన్నాయి. అన్నిటికీ సరిపోయే మాట ‘నిషిద్ధ పదార్థం’. మామూలు మాటల్లో ‘నిషేధించిన మందు’ అన్నా చాలు. 2013లో టెన్నిస్ ఆటగాడు చిలిచ్ శాంపిల్‌లో దొరికిన నికెతమైడ్ లాంటి వాటిని మాత్రం ‘ఉత్తేజకం’ అనవచ్చు. అది గ్లూకోజ్ బిళ్లల్లోంచి వచ్చింది.

ఇక ‘డోపీ’, అంటే డోప్ పరీక్షలో పట్టుబడ్డవాడు. దోషి, పాపి వరసలో వినిపించే ఈ మాట నాకు మరీ బాధగా ఉంటుంది. విచారణకు ముందే తీర్పు చెప్పేస్తుంది. 2024 మార్చిలో టెన్నిస్ ఆటగాడు సినర్ శాంపిల్‌లో క్లోస్టెబాల్ అనే స్టెరాయిడ్ అతి స్వల్పంగా కనిపించింది. ఫిజియో తన వేలు తెగితే కొట్టుకున్న స్ప్రేలో ఆ మందు ఉంది. గ్లౌజులు లేకుండా అవే చేతులతో మసాజ్ చేయడంతో సినర్ ఒంట్లోకి చేరింది. స్వతంత్ర ట్రిబ్యునల్ అతని తప్పు లేదంది. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ అప్పీలు చేసింది, చివరికి రాజీ కుదిరి 2025లో మూడు నెలలు ఆటకు దూరమయ్యాడు. ఒంట్లో మందు ఉంటే చాలు, నిబంధన ఉల్లంఘన జరిగినట్టే. తెలిసి చేశాడా, ఎంత అజాగ్రత్త ఉంది అన్నవి శిక్ష తేల్చేటప్పుడు చూస్తారు.

అందుకే మీరు పంపిన వాక్యంలో ‘వాడి’ కూడా తొందరపాటే. ‘డోప్ పరీక్షలో పాజిటివ్ వచ్చింది’, ‘శాంపిల్‌లో నిషిద్ధ పదార్థం దొరికింది’ అని రాయాలి. వాడినట్టు రుజువైన రోజున ‘వాడాడు’ అని రాయవచ్చు.