64 బిట్ లినక్స్‌లో పాత 32 బిట్ ప్రోగ్రామ్ నడవాలంటే వర్చువల్ మెషీన్ తప్పదా?

అక్కర్లేదండీ. మామూలు ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లు 32 బిట్ ప్రోగ్రాములను నేరుగానే నడుపుతాయి. 2003లో ఏఎండీ ఆప్టెరాన్ వచ్చినప్పటి నుంచీ ఆ ఏర్పాటు ఉంది. లేనిదల్లా ప్రోగ్రామ్‌కి కావాల్సిన 32 బిట్ లైబ్రరీలే, అంటే ప్రోగ్రాములు పంచుకుని వాడుకునే కోడ్ ఫైళ్లే. ఆ సంగతి సూటిగా చెప్పకుండా జనాన్ని తిప్పలు పెట్టేది ఎర్రర్ మెసేజ్.

నా దగ్గర ఓ పాత లేబుల్ ప్రింటర్ ఉంది. కొత్త కంప్యూటర్‌లో డెబియన్ అనే లినక్స్ 64 బిట్‌ది వేసి డ్రైవర్ ఎక్కించాను. ప్రింటర్ కనిపిస్తోంది, ప్రింట్ ఇస్తే మాత్రం "ఫిల్టర్ ఫెయిల్డ్" అని ఆగిపోతోంది. ఫిల్టర్ అంటే మనం ఇచ్చిన పేజీని ప్రింటర్‌కి అర్థమయ్యేలా మార్చే చిన్న ప్రోగ్రామ్, డ్రైవర్‌తోనే వస్తుంది. సరే, ఆ ఫిల్టర్ సంగతేంటో చూద్దామని టెర్మినల్‌లో నేనే నడిపాను. "నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ" అంది. ఫైళ్ల జాబితా చూపే ఎల్ఎస్ కమాండ్ కొడితే ఫైల్ అక్కడే ఉంది! పర్మిషన్లూ సరిగ్గానే ఉన్నాయి. ట్యాబ్ కొట్టి పేరు పూర్తి చేసినా అదే పాట. ఎదురుగా కూర్చున్న మనిషే "ఆయన ఇంట్లో లేరు" అన్నట్టుంది వ్యవహారం.

ఫైల్ ఏ రకమో చెప్పే 'ఫైల్' కమాండ్ ఇచ్చాక గుట్టు బయటపడింది: ఈఎల్ఎఫ్ 32 బిట్, ఇంటెల్ 80386. అది 32 బిట్ ప్రోగ్రామ్ అన్నమాట. అంటే లేనిది ఆ ఫైల్ కాదు, దాన్ని నడపడానికి ముందుగా లోడ్ కావాల్సిన 'ఎల్‌డీ-లినక్స్.ఎస్ఓ.2' అనే లోడర్. ఏ ఫైల్ లేదో లినక్స్ మూలభాగమైన కెర్నల్ చెప్పదు, ఏదో లేదని మాత్రం చెబుతుంది. ఆ ఒక్క మెసేజ్ చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

డెబియన్ ప్యాకేజీ పనిముట్టు డీపీకేజీలో 'యాడ్-ఆర్కిటెక్చర్' ఆప్షన్‌తో ఐ386 (32 బిట్ ఇంటెల్ రకానికి డెబియన్ పేరు) చేర్చి, ప్యాకేజీల జాబితా కోసం ఆప్ట్ అప్‌డేట్ చేసి, ఆ లోడర్ ఉండే 'లిబ్‌సీ6' పేరు చివర కోలన్ పెట్టి ఐ386 అని రాసి ఇన్‌స్టాల్ చేశాను. ఈసారి ఎర్రర్ మారింది, లిబ్‌కప్స్‌ఇమేజ్ అనే లైబ్రరీ లేదని పేరు పెట్టి మరీ చెప్పింది. దాన్నీ అలాగే తెచ్చాను. లేబుల్ బయటికొచ్చింది.

అంతకుముందు ప్రింటర్ కంపెనీ వాళ్లనడిగితే "64 బిట్ డ్రైవర్ లేదు, కొత్త మోడల్ తీసుకోండి" అన్నారు. సోర్స్ కోడ్ ఇస్తే కంపైల్ చేసుకునేవాళ్లం కదా? అది మాత్రం ఇవ్వరు. ఇక 'ఐఏ32-లిబ్స్ (32 బిట్ లైబ్రరీలన్నీ కట్టగట్టిన పాత ప్యాకేజీ) వేసుకోండి' అనే సలహా ఇప్పటికీ వినిపిస్తుంటుంది. 2013లో డెబియన్ 7తో మల్టీఆర్చ్ (నేను పైన చేసినట్టు 32, 64 బిట్ ప్యాకేజీలు పక్కపక్కన వేసుకునే ఏర్పాటు) వచ్చాక దాని కథ ముగిసింది. ఎక్కడెక్కడి నుంచో లైబ్రరీల ఎస్ఓ ఫైళ్లు దించి సిస్టమ్ ఫోల్డర్లలో పడేయమనే వాళ్ల మాట అసలు వినకండి.

ఉబుంటు వాడేవాళ్లకు ఇంకో చిక్కుంది. 19.10 వెర్షన్ నుంచి ఐ386 ప్యాకేజీలు ఆపేస్తామని 2019లో ప్రకటించారు. గేముల వేదిక స్టీమ్, విండోస్ ప్రోగ్రాములు నడిపే వైన్ వైపు నుంచి గొడవ రావడంతో వెనక్కి తగ్గి కొన్నింటిని ఉంచారు. అన్నీ లేవు, కాబట్టి మీకు కావాల్సిన లైబ్రరీ ఉందో లేదో ముందే చూసుకోండి. డెబియన్ 13లో 32 బిట్ ఇన్‌స్టాలర్ పోయినా, ప్యాకేజీలు ఇంకా దొరుకుతున్నాయి.

ఇదంతా మామూలు ప్రోగ్రాములకే. 32 బిట్ కెర్నల్ మాడ్యూల్ (కెర్నల్‌లోనే కలిసి నడిచే ముక్క) అయితే 64 బిట్ కెర్నల్‌లోకి ఎక్కదు. మీ కొత్త కంప్యూటర్‌లో ఉన్నది ఇంటెల్, ఏఎండీ కాకుండా ఏఆర్ఎం అనే వేరే రకం ప్రాసెసర్ అయితే ఈ లైబ్రరీలొక్కటే చాలవు, ఒక ప్రాసెసర్ మీద ఇంకో రకం ప్రాసెసర్‌ని అనుకరించే క్యూఈఎంయూ లాంటిది కావాలి.