1967లో లీగ్ కప్ గెలిచినా ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ క్వీన్స్ పార్క్ రేంజర్స్ యూరప్‌లో ఎందుకు ఆడలేదు?

వాళ్ళు అప్పుడు థర్డ్ డివిజన్‌లో (ఇంగ్లండ్ లీగ్‌లో పైనుంచి మూడో అంచె) ఉన్నారు, అందుకే. లీగ్ కప్ విజేతకు ఫెయిర్స్ కప్‌లో (అప్పటి ఒక యూరప్ క్లబ్ టోర్నీ) చోటు ఉండేది కానీ, గెలిచింది ఫస్ట్ డివిజన్ క్లబ్ అయితేనే అని మెలిక పెట్టారు. మార్చి 4న వెంబ్లీలో వెస్ట్ బ్రామ్‌విచ్ మీద హాఫ్‌టైమ్‌కి 0-2తో వెనకబడి, ఆ తర్వాత మోర్గాన్, మార్ష్, లాజరస్ తలో గోల్ కొట్టడంతో 3-2తో గెలిచారు, అదే సీజన్‌లో డివిజన్ టైటిల్ కూడా కొట్టేశారు, అయినా యూరప్ ఛాన్స్ దక్కలేదు (అన్యాయమే అనుకోండి). 1969 ఫైనల్లో ఆర్సెనల్‌ను 3-1తో ఓడించిన స్విండన్‌దీ ఇదే కథ, వాళ్ళూ థర్డ్ డివిజనే. కప్పు గెలిస్తే ఏ డివిజనైనా యూరప్ ఖాయమని చాలామంది అనుకుంటారు గానీ, అది ఇప్పటి రూల్‌ని అప్పటి రోజులకు అంటగట్టడమే.