గిటార్ నంబరు అదే, మరి లోపలి సామాను?

ప్రశ్న: మాది కావలి. మా అన్నయ్య కువైట్ నుంచి తెచ్చిన నాలుగు తీగల ఎలక్ట్రిక్ బేస్ గిటార్ నా దగ్గర ఉంది. అన్నయ్య ఇప్పుడు లేడు. చర్చిలో ప్రతి ఆదివారం దాన్నే వాయిస్తాను. మెడ వంగిందని చెన్నైలో ఒక రిపేరు షాపులో ఇచ్చి, మూడు వారాల తర్వాత తెచ్చుకున్నాను. అప్పటి నుంచి శబ్దం పలచబడిపోయింది. పోయిన నెల నెల్లూరులో తెలిసిన మెకానిక్ విప్పి చూసి, పికప్‌లు, బ్రిడ్జ్ తీసేసి చవక రకం బిగించారన్నాడు. షాపు వాళ్లేమో ‘మీ గిటారే మీకిచ్చాం, సీరియల్ నంబరు చూసుకోండి’ అంటున్నారు. నంబరు నిజంగానే అదే. తెచ్చుకుని 22 నెలలైంది. మ్యూజిక్ షాపు ఉన్న మిత్రుడొకరు, అసలు భాగాలన్నీ రాసి 2018 తేదీతో బిల్లు ఇస్తానంటున్నాడు. తీసుకోవచ్చా? నాకు న్యాయం జరుగుతుందా?

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు. అందులో మూడు పేజీలు అన్నయ్య గురించే. కానీ ఈ కేసు తేలేది ఒకే ఒక్క ప్రశ్న మీద: మీరు షాపులో ఇచ్చిన రోజు ఆ గిటార్‌కు ఏయే భాగాలు ఉన్నాయి?

సీరియల్ నంబరు కలిసింది కాబట్టి మీ కేసు గట్టిదని రాశారు. పొరపాటు. ఆ నంబరు షాపు వాళ్లకే ఎక్కువ పనికొస్తుంది. నంబరు ఉండేది మెడ చివరి తల వెనకాలో, మెడను బాడీకి బిగించిన ప్లేటు మీదో. అది సరిపోతే చెక్క అదేనని తేలుతుంది. చెక్క మార్చారని మీరూ అనడం లేదు కదా. స్క్రూడ్రైవర్, టంకం వేసే ఐరన్ ఉంటే పికప్‌లు, బ్రిడ్జ్ ఎంతసేపట్లో ఊడదీయవచ్చో మీ మెకానిక్‌ను అడగండి. కాబట్టి ఒక్కో భాగానికి ఒక్కో రుజువు కావాలి.

ఏ భాగం ఏం చేస్తుందో మీ ఫిర్యాదు వినే వినియోగదారుల కమిషన్ సభ్యులకు తెలియకపోవచ్చు. మీ ఫిర్యాదులోనే నాలుగు మాటల్లో రాయండి. తల దగ్గరి ట్యూనింగ్ కీలు (తిప్పే బిరడాలు) తీగను బిగించి శ్రుతి చేస్తాయి. మెడ లోపల ట్రస్ రాడ్ అనే ఉక్కు కడ్డీ ఉంటుంది. తీగలు లాగే బరువుకు మెడ వంగకుండా అది కాస్తుంది. మీరు రిపేరుకిచ్చింది దాని కోసమే. బాడీ మీది బ్రిడ్జ్ తీగ రెండో కొసను పట్టుకుంటుంది. అందులో ప్రతి తీగకూ ఒక శాడిల్ ఉంటుంది, దాని మరలు తిప్పి తీగ ఎత్తు, పొడవు సరిచేస్తారు. ఇక పికప్ అంటే అయస్కాంతం, దాని చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నని రాగి తీగ. పైన ఉక్కు తీగ కదిలితే ఆ రాగి తీగలో చిన్న కరెంటు పుడుతుంది. అది వాల్యూమ్, టోన్ నాబ్‌ల గుండా, జాక్ గుండా యాంప్లిఫయర్‌కు వెళ్తుంది. బేస్‌లో లావు తీగ సెకనుకు సుమారు 41 సార్లే కంపిస్తుంది. చర్చి గోడలు అదిరినట్టు వినిపించే ఆ శబ్దాన్ని పికప్ సరిగ్గా పట్టుకోకపోతే మీరు చెప్పినట్టే పలచబడుతుంది. మీ మాట నేను నమ్ముతున్నాను. కమిషన్ నమ్మాలంటే కాగితం కావాలి.

మీరు జతచేసిన ఫొటోలను పెద్దవి చేసి చూశాను. షాపుకిచ్చే ముందటి క్రిస్మస్ ఫొటోలో గిటార్ మీ ఒళ్లో ఉంది, బ్రిడ్జ్ స్పష్టంగా కనిపిస్తోంది. సన్న తీగ శాడిల్ మరకు కావలి ఉప్పుగాలి తుప్పు పట్టింది. శాడిల్స్ మీద సన్నని గాడులు చెక్కి ఉన్నాయి. ఇప్పటి ఫొటోలో శాడిల్స్ నున్నగా, అద్దంలా ఉన్నాయి. తుప్పు తుడిచామని వాళ్లు చెప్పుకోవచ్చు. గాడులు తుడిస్తే పోవు. పైగా వాళ్ల వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లో ‘బ్రిడ్జ్ బాగానే ఉంది సార్, మార్చక్కర్లేదు, మెడ సెట్టింగ్, తీగలు చాలు’ అన్న మాట ఉంది. మార్చలేదని వాళ్లే అంటున్నారు, మారినట్టు ఫొటో చూపిస్తోంది. మీ కేసు ఇదే.

మీ బాధంతా పికప్ గురించే. కానీ పాత ఫొటోలో పికప్ పైన ఉన్న నల్ల ప్లాస్టిక్ మూతే కనిపిస్తోంది, లోపలి అయస్కాంతం కనిపించదు. అందుకని బ్రిడ్జ్‌ను ముందు పెట్టండి. రిపేరుకిచ్చిన వస్తువు కాంట్రాక్ట్ చట్టం 1872లోని బెయిల్‌మెంట్ (ఒక పని కోసం మన వస్తువును ఇంకొకరి చేతికివ్వడం) కిందికి వస్తుంది. ఇచ్చినప్పుడు ఒకలా ఉండి, తిరిగొచ్చేసరికి మరోలా ఉందని మీరు చూపిస్తే, ఎందుకలా అయిందో చెప్పుకోవలసింది తీసుకున్నవాళ్లు. ఒక భాగం చెప్పకుండా మార్చారని తేలితే, పికప్ విషయంలో వాళ్ల మాటకు బలం తగ్గుతుంది.

ఒక మాట గట్టిగానే అంటాను. మొదటి ఆదివారమే శబ్దం తేడా పట్టారు. ఆ సాయంత్రమే ఒక మెసేజ్ పెట్టి ఉంటే ఈ రోజు ఇంత వెతుకులాట ఉండేది కాదు. బిల్లు జెరాక్స్ తీయలేదు, అక్షరాలు చెరిగి ఇప్పుడది తెల్ల కాగితం. మెకానిక్ విప్పుతుంటే ఒక్క ఫొటో కూడా తీయలేదు. ఇక మీదట ఎవరితోనూ విప్పించకండి, మీరూ మర ముట్టుకోకండి.

ఆ మిత్రుడి బిల్లు జోలికి అసలు వెళ్లవద్దు. అది ఫోర్జరీ. దాన్ని కమిషన్ ముందు పెడితే తప్పుడు సాక్ష్యం కూడా, జైలు శిక్ష పడే నేరాలివి. పట్టుబడడం కూడా తేలికే. 2017 జులై నుంచి జీఎస్టీ ఉంది, 2018 బిల్లు అంటే వరస నంబరు, రిటర్ను రెండూ చూస్తారు. అన్నిటికీ మించి, ‘అన్నయ్య కువైట్ నుంచి తెచ్చాడు’ అని షాపు వాళ్లకు మీరే వాట్సాప్‌లో రాశారు. ఆ ఒక్క కాగితంతో మీ నిజమైన ఫొటో కూడా అబద్ధమైపోతుంది.

గడువు సంగతి. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 69 ప్రకారం 2 ఏళ్లలోపు ఫిర్యాదు వేయాలి. పోయిన నెలే తెలిసింది కాబట్టి అప్పటి నుంచి లెక్క అని వాదించవచ్చు, కానీ దాన్ని నమ్ముకోకండి. గిటార్ చేతికొచ్చిన రోజు నుంచే లెక్కపెట్టండి. మీకు మిగిలింది 2 నెలలు. లాయర్ నోటీసు పంపితే గడువు ఆగుతుందని చాలామంది అనుకుంటారు. ఆగదు. నోటీసుకు 15 రోజులు ఇవ్వండి, జవాబు వచ్చినా రాకపోయినా ఫిర్యాదు వేసేయండి.

చెన్నైకి తిరగక్కర్లేదు. మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు, కాబట్టి నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్ సరిపోతుంది. ఈ-జాగృతి అనే ఆన్‌లైన్ ఫిర్యాదుల పోర్టల్‌లో ఇంటి నుంచీ వేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. చర్చిలో ఉచితంగా వాయిస్తారు కాబట్టి వ్యాపార వాడకం అన్న అభ్యంతరం రాదు. పెళ్లి ప్రోగ్రాములకు డబ్బు తీసుకుని వాయిస్తుంటే మాత్రం నాకు ముందే చెప్పండి.

ఈ వారంలో చేయాల్సినవి: బిల్లు చెరిగిపోయినా ఫోన్‌లో డబ్బు కట్టారు గనక బ్యాంకు స్టేట్‌మెంటు తీసుకోండి. ఫొటో తీసిన ఫోన్ అమ్మకండి, మార్చకండి. వాట్సాప్‌లో పంపిన కాపీలో తీసిన తేదీ వివరాలు పోతాయి, గ్యాలరీలోని అసలు ఫొటోలో ఉంటాయి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద ఇచ్చే సర్టిఫికెట్‌తో దాన్ని, వాయిస్ మెసేజ్‌ను దాఖలు చేద్దాం. గిటార్ తయారుచేసిన కంపెనీకి సీరియల్ నంబరు రాసి, ఫ్యాక్టరీలో ఏ పికప్, ఏ బ్రిడ్జ్ బిగించారో ఈమెయిల్‌లో అడగండి. నంబరు మీకు ఉపయోగపడేది ఇక్కడే. మధ్యలో అన్నయ్యే మార్చాడేమో అని షాపు వాళ్లు అంటారు కాబట్టి ఆయన పాత ఫొటోలు కూడా వదినగారి దగ్గర వెతకండి.

మెకానిక్ చేత అఫిడవిట్ రాయిద్దాం. మళ్లీ విప్పడం ఒక్కసారే, వీడియో తీస్తూ జరగాలి. బ్రిడ్జ్ కింద చెక్క మీద పాత బ్రిడ్జ్ అచ్చు, పాత మర రంధ్రాలు, పికప్ వైర్లకు వేసిన కొత్త టంకం, మల్టీమీటర్ రీడింగు అన్నీ అందులో కనిపించాలి. అసలు భాగాలు గానీ వాటి ధర గానీ, రిపేరు ఛార్జి వాపసు, పరిహారం, ఖర్చులు అడుగుదాం. ధరకు డీలర్ కొటేషన్ తెచ్చుకోండి.

అప్పటిదాకా చర్చికి వేరే గిటార్ అడిగి తెచ్చుకోండి. దీన్ని కవర్‌లో పెట్టి, జిప్‌కు చిన్న తాళం వేసి, బీరువాలో ఉంచండి.