ఆ మొదటి రెండు వారాలు

విశాఖపట్నం

చిరంజీవి మేనకోడలికి అత్త ఆశీస్సులు.

మద్దిలపాలెంలో ఇంటర్ అమ్మాయిల హాస్టల్‌కి వార్డెన్‌గా చేరావని, 120 మంది పిల్లలున్నారని మీ నాన్న చెప్పాడు. ఎవరికైనా మనసు బాగోకపోతే ఏం చేయాలని అడిగావు. ఫోన్లో చెబితే సగం జారిపోతుంది, అందుకే రాస్తున్నాను. దగ్గర పెట్టుకో.

వైద్యం చేయడం నీ పని కాదమ్మా. పిల్లలో మార్పుని కనిపెట్టాలి, కనిపెట్టాక రెండు వారాలు దాటకుండా ఆ పిల్లని డాక్టరు ముందు కూర్చోబెట్టాలి. మనసుకొచ్చే జబ్బుల్లో సగం 14 ఏళ్లలోపు, ముప్పావు వంతు 24 ఏళ్లలోపు మొదలవుతాయి. అంటే సరిగ్గా నీ దగ్గరుండే వయసులో. జబ్బు మొదలయ్యాక డాక్టరుని చూసేసరికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడిచిపోతాయి. లెక్చరర్ "చదువు మీద ధ్యాస లేదు" అంటాడు, ఇంట్లోవాళ్లు "వయసు కదా" అంటారు, స్నేహితురాళ్లు "ఓవర్ యాక్షన్" అంటారు. పిల్లని పొద్దున్న లేచింది మొదలు పడుకునేదాకా చూసేది నువ్వొక్కదానివే.

ఒక నోట్‌బుక్ పెట్టు. వారానికోసారి, ఆదివారం సాయంత్రం అయితే మంచిది, అందరి పేర్లూ చూసుకుంటూ వెళ్లు. ఐదు విషయాలు చాలు: నిద్ర, తిండి, స్నానం-జడ, మాట, క్లాసు. మార్పు ఉన్నవాళ్ల గురించే రాయి, అదీ కంటికి కనిపించినంత వరకే. "డిప్రెషన్‌లో ఉంది" అని రాయకు, అది తేల్చేది డాక్టరు. "మంగళవారం నుంచి రాత్రి భోజనానికి రాలేదు, రెండు గంటలకి వరండాలో కూర్చుని ఉంది" అని రాయి. పూర్తి పేరు వద్దు, గది నంబరూ మొదటి అక్షరమూ చాలు. బీరువాలో పెట్టి తాళం వెయ్యి.

ఎక్కడ చూడాలో చెబుతాను. రోజూ నున్నగా దువ్వి రెండు జడలు వేసుకునే పిల్ల, వారంగా ముడి చుట్టుకుని తిరుగుతుంటుంది. నూనె లేక జుట్టు అట్టకట్టి ఉంటుంది. బాత్‌రూమ్ పక్కన బకెట్‌లో ఆమె బట్టలు మూడో రోజుకీ నానుతూనే ఉంటాయి, నీళ్లు వాసన కొడుతుంటాయి. పక్కవాళ్లు ఆ బకెట్ గురించే గొడవపడతారు. బద్ధకం అనుకుని ఫైన్ వేస్తారు చాలాచోట్ల. ఆ బకెట్‌ని చూసి నువ్వు ఆగాలి. లేచి బట్టలు పిండుకునే ఓపిక కూడా లేకపోవడం డిప్రెషన్ అనే దిగులు జబ్బు లక్షణాల్లో ఒకటి. మెస్‌లో వడ్డించేవాళ్లకీ గదులు ఊడ్చే ఆయమ్మలకీ ఇవి నీకంటే ముందు తెలుస్తాయి. వాళ్లతో రోజూ పది నిమిషాలు మాట్లాడు. "ఎవరు కంచం తీసుకుని తినకుండా పారేస్తున్నారు?" అని అడిగితే చాలు.

ఒకటి రెండు రోజుల దిగులు అందరికీ ఉంటుంది. టెస్టులో మార్కులు తగ్గాయనో, ఇల్లు గుర్తొచ్చిందనో ఏడ్చి, మర్నాడు నవ్వే పిల్ల గురించి కంగారుపడకు. దిగులు గానీ, దేనిమీదా ఇష్టం లేకపోవడం గానీ దాదాపు రోజంతా, దాదాపు రోజూ, రెండు వారాలపాటు ఉంటే అది చూపించాల్సిన విషయం. కొందరు దిగులుగా కనిపించరు, చిరాకుపడతారు, ఎదురు మాట్లాడతారు. క్రమశిక్షణ లేదని వాళ్లకే ఎక్కువ తిట్లు పడతాయి. పాడేరు, అరకు వైపు నుంచి వచ్చిన పిల్లలు అసలు నోరే విప్పరు. తలనొప్పి, కడుపునొప్పి అంటారు. నెలలో నాలుగుసార్లు కడుపునొప్పి అన్న పిల్ల పేరు నోట్‌బుక్‌లోకి ఎక్కాలి. రక్తం తక్కువైనా, థైరాయిడ్ తేడా చేసినా నీరసం, దిగులు ఇలాగే ఉంటాయి కనుక ఆ రెండు పరీక్షలూ చేయించు.

ఇక మాట్లాడటం. ఆఫీసులో బల్లకి అటూ ఇటూ కూర్చోబెట్టి అడిగితే ఏ పిల్లా చెప్పదు. ఆరేసిన బట్టలు తీసి మడతపెట్టేటప్పుడు పక్కన కూర్చో. ఇద్దరి చూపూ బట్టల మీద ఉంటుంది, మాట తేలిగ్గా వస్తుంది. చూసింది చూసినట్టు చెప్పు: "నాలుగు రోజులుగా రాత్రి అన్నానికి రావట్లేదు, నిద్ర కూడా పోతున్నట్టు లేదు. ఏమైందమ్మా?" అని ఊరుకో. మనసులో 20 దాకా లెక్కపెట్టు. మనకి ఆ మౌనం భరించడం కష్టమై ఏదో ఒక సలహా ఇచ్చేస్తాం, అక్కడితో పిల్ల నోరు మూసుకుంటుంది. "నీకేం తక్కువ?", "మీ నాన్న అప్పు చేసి చదివిస్తున్నాడు, తెలుసా?" ఈ రెండూ నీ నోట రాకూడదు. ఆ అప్పు సంగతి ఆ పిల్లకి రాత్రంతా గుర్తుంటుంది, దానివల్లే సగం నిద్ర లేదు.

"ఎవరికీ చెప్పను" అని మాత్రం ఒట్టు వెయ్యకు. "ఎవరికైనా చెప్పాల్సి వస్తే ముందు నీకు చెప్పాకే చెబుతాను" అను. ఎందుకంటే నీ పిల్లలు 18 ఏళ్లలోపువాళ్లు. ఎవరైనా లైంగికంగా వేధించారని చెబితే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి తెలియజేయడం నీ బాధ్యత. దాచితే అది నేరం. పిల్లల హెల్ప్‌లైన్ 1098 కూడా ఉంది.

పిల్ల మాటల్లో "నేనుండి ఏం లాభం", "నేను లేకపోతే అందరికీ హాయి" లాంటివి వినిపిస్తే, లేదా ఇష్టమైన వస్తువులు పంచిపెట్టేస్తుంటే, సూటిగా అడుగు. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయం. పుట్టదమ్మా. అడిగినవాళ్లున్నారని పిల్ల గుండె బరువు దిగుతుంది. అవునంటే తర్వాత అడుగు: ఎలా అని ఆలోచించావా, ఎప్పుడని అనుకున్నావా, దగ్గర ఏమైనా పెట్టుకున్నావా. వీటిలో ఒక్కదానికి అవునన్నా ఆ రోజే డాక్టరు. డాక్టరుని చూసేదాకా ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకు, ఇద్దరు పెద్దవాళ్లు వంతులేసుకుని పక్కనుండండి. గదిలో పెట్టి గడియ వెయ్యడం మాత్రం వద్దు.

ఇక్కడే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. భయపడి ఆ రాత్రే బస్సెక్కించి ఇంటికి పంపేస్తారు. శ్రీకాకుళం దాకా ఆ పిల్ల ఒక్కతే కిటికీ పక్కన కూర్చుని వెళ్తుంది. లేదంటే పిల్ల దగ్గరా తల్లిదండ్రుల దగ్గరా "ఇకపై ఇలాంటివి చేయను" అని కాగితం రాయించుకుంటారు. ఆ కాగితం ఏ పిల్లనీ కాపాడదు. తల్లి గానీ తండ్రి గానీ వచ్చి, నువ్వు విషయమంతా ముఖాముఖి చెప్పి, చేతికి చెయ్యి అప్పగించాకే పిల్ల గేటు దాటాలి.

ఏదైనా మింగిందని అనుమానమొస్తే ముందు 108, లేదా దగ్గర్లోని పెద్దాసుపత్రి క్యాజువాలిటీ, మన కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) అయినా సరే. మానసిక ఆసుపత్రి సంగతి తర్వాత. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించకు, ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. ఖాళీ స్ట్రిప్పో సీసానో వెంట తీసుకెళ్లు. "బాగానే ఉన్నాను" అన్నా తీసుకెళ్లాల్సిందే, కొన్ని మాత్రలు లివర్‌ని దెబ్బతీశాయని ఒకటి రెండు రోజుల తర్వాత గానీ బయటపడదు. కేసవుతుందని ప్రిన్సిపాల్ వెనకాడితే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చూపించు. ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు అని 115వ సెక్షన్ చెబుతోంది.

తండ్రికి ఫోన్ చేయడం అన్నింటికంటే కష్టమైన పని. ముందు ఎక్కడున్నారో అడుగు. బండి మీదుంటే పక్కకి ఆపమను. తర్వాత, "అన్నయ్యగారూ, అమ్మాయి మా దగ్గరే క్షేమంగా ఉంది. రెండు వారాలుగా నిద్ర లేదు, అన్నం సరిగా తినట్లేదు. జ్వరమొస్తే మూడో రోజుకే చూపిస్తాం కదండీ. రేపు మీరిద్దరూ వస్తే కలిసి వెళ్దాం." పిచ్చి, మెంటల్ అన్న మాటలు నువ్వు ఎత్తకు. ఆయన "ఫోన్ చూసి చూసి ఇలా అయింది" అంటారు, లేదా "ఎవడైనా అబ్బాయా?" అని కేకలేస్తారు. అది భయం. వాదించకు. "అదీ డాక్టరుగారినే అడుగుదాం" అను. పెళ్లి సంబంధాల గురించి తల్లి దిగులుపడితే, చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలని అదే చట్టం చెబుతోందని చెప్పు.

ఎవరో తనని చూస్తున్నారని, తన గురించే గుసగుసలాడుతున్నారని, గొంతులు వినిపిస్తున్నాయని పిల్ల అంటే రెండు వారాలు ఆగకు, ఆ వారంలోనే చూపించు. మనవైపు దీన్ని చిల్లంగి అనీ గాలి అనీ అంటారు. కుటుంబం పూజ చేయిస్తానంటే అడ్డుపడకు. అడ్డుపడితే పిల్లని తీసుకుపోయి మళ్లీ తీసుకురారు. "పూజ చేయించండి, మందు మాత్రం ఒక్క పూట ఆపకండి" అను. కొట్టడం, వాతలు పెట్టడం, పస్తుంచడం లాంటివి జరిగేచోటికి మాత్రం పంపకు.

డాక్టరు ఎవరంటే, చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది. ఆ పేరు వింటే జనం జంకుతారు గానీ, ఓపీలో చూపించుకుని ఇంటికెళ్లేవాళ్లే ఎక్కువ. పొద్దున్నే బయల్దేరండి. ఆధార్ కార్డు, రక్త పరీక్షల కాగితాలు, వాడుతున్న మందులు తీసుకెళ్లండి. అర పేజీ కాగితం నువ్వే రాసివ్వు: మార్పు ఎప్పటినుంచి, ఎన్ని గంటల నిద్ర, తిండి, చావు గురించి మాటలు, ఇంట్లో ఎవరికైనా ఇలాంటి జబ్బు ఉందా. ఓపీలో దొరికేది కొద్ది నిమిషాలు, కాగితం లేకపోతే అవి "ఏమ్మా, ఏమైంది?", "ఏం లేదండీ" అన్న మాటలతోనే అయిపోతాయి. వచ్చేముందు మూడు అడగండి: మళ్లీ ఎప్పుడు రావాలి, మందు ఎన్నాళ్లు, ఏం జరిగితే వెంటనే రావాలి.

దిగులు మందులు పని చేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. వికారం, తలనొప్పి మాత్రం మొదటి వారమే వస్తాయి. అందుకే ఎక్కువమంది పదో రోజున మానేస్తారు. ఆ పది రోజులూ నువ్వు పక్కనుండాలి. ఈ వయసువాళ్లలో మొదటి వారాల్లో అశాంతి పెరిగినా, చావు ఆలోచనలు ఎక్కువైనా ఆ రోజే డాక్టరుకి చెప్పాలి. స్ట్రిప్పు నీ దగ్గరే ఉంచి రోజుది రోజు ఇవ్వు. దసరా, సంక్రాంతి సెలవులకి మందు హాస్టల్‌లోనే మర్చిపోతారు, తల్లి చేతికి లెక్కపెట్టి ఇవ్వు. బాగుందని హఠాత్తుగా ఆపితే తిరగబెడుతుంది. ఇవి అలవాటుపడే మందులు కావు. అలవాటయ్యేవి కొన్ని నిద్రమాత్రలు, వాటి సంగతి డాక్టరుని విడిగా అడుగు.

మేనేజ్‌మెంట్‌తో మాట్లాడేటప్పుడు నీకో ఆధారం ఉంది. మన విశాఖలోనే నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన 17 ఏళ్ల అమ్మాయి కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న దేశమంతటికీ మార్గదర్శకాలిచ్చింది. 100 మంది గానీ అంతకు మించి గానీ విద్యార్థులున్న సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలి. వీలైనంతవరకు మార్కులని బట్టి బ్యాచులు విడగొట్టకూడదు, అందరిముందు అవమానించకూడదు. సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇప్పించాలి. ఫ్యాన్లు, టెర్రస్, బాల్కనీల విషయంలో జాగ్రత్తలు తీసుకోవాలి. నోటితో చెప్పకు, ఉత్తరం రాసి నకలు దగ్గరుంచుకో. దాంతోపాటు ఇంకొకటి అడుగు: ఐదింటి స్టడీ అవర్‌ని ఆరింటికి జరపమను. ఈ వయసుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. పదకొండింటికి పడుకుని నాలుగున్నరకి లేచే పిల్లకి ఎంత కౌన్సెలింగ్ ఇచ్చినా సగమే పనిచేస్తుంది.

మనసు బాగోనివాళ్లు మాట్లాడటానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్, దాని నంబరు 14416. ఉచితం, 24 గంటలూ, తెలుగులో మాట్లాడతారు. 2022 అక్టోబరు 10న మొదలైంది. అన్ని హాస్టళ్లలోనూ నోటీసు బోర్డు మీద అంటిస్తారు, అక్కడ నిలబడి నంబరు రాసుకుంటే అందరికీ కనబడుతుంది. బాత్‌రూమ్ తలుపులకి లోపలివైపు పెద్ద అక్షరాలతో అంటించు. పైగా మీ పిల్లల దగ్గర ఫోన్లే ఉండవు కదా, ఇక నంబరెందుకు? ఒక మామూలు బటన్ ఫోన్ కొని, తలుపు వేసుకుని మాట్లాడగలిగే చిన్న గదిలో పెట్టు. ఆ నంబరుకి చేయడానికి ఎవరూ నిన్ను అడగక్కర్లేదని, ఎందుకని నువ్వూ అడగవని జూన్‌లో చేరిన మొదటి రోజే చెప్పెయ్యి.

ఇంటర్ ఫలితాలు వచ్చేసరికి పిల్లలు ఇళ్లలో ఉంటారు, నీ కంటికి దూరంగా. నోట్‌బుక్‌లో పేర్లున్నవాళ్లకి ముందురోజు సాయంత్రమే ఫోన్ చెయ్యి. పిల్లతో రెండు మాటలు, తల్లితో రెండు మాటలు: రేపు ఒంటరిగా ఉంచొద్దు, ఎన్ని మార్కులొచ్చినా రాత్రి అన్నం కలిసి తినండి, తప్పితే సప్లిమెంటరీ ఉంది, ఫీజు గడువు నేను చూసి చెబుతాను. ఫలితం వచ్చిన సాయంత్రం మళ్లీ చెయ్యి. ఎవరైనా ఎత్తకపోతే పక్కింటివాళ్ల నంబరు నీ దగ్గరుండాలి. దాన్ని చేరేటప్పటి ఫారంలోనే రాయించుకో.

నీ మేనత్త