క్లాస్ డేటా తెరిచే ముందు

అమ్మలూ,

చంద్రుడి చుట్టూ తిరిగే చంద్రయాన్-2 ఆర్బిటర్ డేటా మీద ప్రాజెక్ట్ చేస్తానని రాశావు, సంతోషం. ఎనిమిది పరికరాల డేటా వాడేస్తానన్నావు చూడు, అక్కడే నాకు టెన్షన్ మొదలైంది. ఒకటి పట్టుకో. దానికి తోడు ఇంకొకటి. చాలు.

నన్నడిగితే ఆ ఎనిమిదింటిలో క్లాస్ (CLASS) అనేది తీసుకో. చంద్రుడి నేలలో ఏయే మూలకాలున్నాయో చెప్పే ఎక్స్‌రే పరికరం అది. అయితే దానికి సొంత దీపం లేదు. సూర్యుడి ఎక్స్‌రేలు తగిలినప్పుడు నేలలోని పరమాణువులు వదిలే ఎక్స్‌రేలను అది పట్టుకుంటుంది. సూర్యుడు నెమ్మదిగా ఉన్న రోజున మెగ్నీషియం, అల్యూమినియం, సిలికాన్ కనబడతాయి. కాల్షియం, టైటానియం, ఇనుము కావాలంటే సౌరజ్వాల, అంటే సూర్యుడి మీద ఒక్కసారిగా ఎగసే పేలుడు, రావాల్సిందే. 2008లో వెళ్లిన చంద్రయాన్-1 మీద కూడా ఇలాంటి పరికరం ఉండేది. పాపం, అప్పుడు సూర్యుడు మంచి నిద్రలో ఉన్నాడు. కాబట్టి "ఇక్కడ ఇనుము లేదు" అని రాసే ముందు, ఆ నిమిషంలో సూర్యుడు ఎలా ఉన్నాడో ఎక్స్‌ఎస్‌ఎం డేటాలో చూడు. ఆ పరికరం పనే సూర్యుణ్ణి కనిపెట్టుకుని ఉండటం. ఇంకోటి, క్లాస్ ఒక్క చూపులో దాదాపు 12.5 కిలోమీటర్ల నేల పడుతుంది. చిన్న గుంత గురించి దాన్ని అడగకు.

నీళ్ల సంగతి తేల్చాలని నీకుందని తెలుసు. దానికి ఐఐఆర్‌ఎస్ అనే పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) పరికరం ఉంది. దాని గ్రాఫ్‌లో 3 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర వెలుగు తగ్గి పల్లం కనబడితే హైడ్రాక్సిల్ (ఆక్సిజన్, హైడ్రోజన్ జంట) గానీ, నీరు గానీ ఉన్నట్టు. కానీ చంద్రుడి మధ్యరేఖ దగ్గర మధ్యాహ్నం పూట నేల 100 డిగ్రీలు దాటి కాగుతుంది. ఆ వేడి వెలుగు వచ్చి సరిగ్గా ఆ పల్లాన్నే పూడ్చేస్తుంది. వేడి లెక్క తీసేయకుండా చూస్తే ఉన్న నీళ్లు కూడా మాయమవుతాయి.

ఫొటోల జోలికి వెళ్తే ముందు వాటితో వచ్చే లేబుల్ ఫైల్ చదువు, వెలుగు ఎటు నుంచి పడిందో అందులో తెలుస్తుంది. నేను చదవక, రెండు రోజులు గుంతలన్నిటినీ దిబ్బలని రాసుకున్నాను! వెలుగు కింది వైపు నుంచి పడుతోంది, కన్ను తిరగేసి చూసింది. ధ్రువాల దగ్గర ఎప్పుడూ నీడలో ఉండే గుంతలైతే రాడార్‌కి వదిలెయ్. దాని దీపం దానికే ఉంది.

ఇస్రో ప్రదాన్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుని, ఒక్క రోజు క్లాస్, ఎక్స్‌ఎస్‌ఎం ఫైళ్లు దించుకో. రెండూ ఒకే సమయం మీద గీసి, ఆ గ్రాఫ్ నాకు పంపు.

మీ బాబాయి