తోడికోడలి ధ్యానం నాకెందుకు పడదు?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. గుంటూరులో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్ని. ఇంట్లో మావారు, ఇంటర్ చదివే అమ్మాయి, ఎనిమిదో తరగతి అబ్బాయి, అత్తగారు. ఎప్పుడూ నీరసం, చిన్నదానికీ చిరాకు. మా తోడికోడలు పొద్దున్నే ఐదింటికి లేచి ధ్యానం చేస్తుంది, డైరీ రాస్తుంది, ఎంతో ప్రశాంతంగా ఉంటుంది. నేనూ మొదలుపెట్టాను కానీ కళ్ళు మూసుకుంటే పాలు తోడు పెట్టానా లేదా, ఇంకెన్ని పేపర్లు దిద్దాలి, ఇవే ఆలోచనలు, లేదంటే కునుకు. తోటి టీచర్లు పార్లర్‌కి లాక్కెళ్తే ఆ కుర్చీలో ఉన్నంతసేపూ ఇంటికెళ్ళాలనే టెన్షన్. అప్పుడప్పుడు ఆటో ముందే దిగేసి ఒక్కదాన్నే నడుచుకుంటూ ఇంటికొస్తే మాత్రం కాస్త హాయిగా ఉంటుంది, అదీ ఇంట్లో చెప్పను, ట్రాఫిక్ అంటాను. నాలోనే ఏదైనా లోపం ఉందా మేడమ్?

జవాబు: లోపమూ లేదు, పాడూ లేదండీ. మీకేం కావాలో మీ ఉత్తరంలోనే ఉంది, కాకపోతే అదేదో తప్పు చేసినట్టు చివర్లో రాశారు. ఆ నడకే మీది.

ఎందుకంటే మీ అలసట ఒంటిది మాత్రమే కాదు. పొద్దున్నుంచీ క్లాసులో పిల్లల గోల, ఇంటికొస్తే "అమ్మా చార్జర్ ఏది", "అమ్మాయీ నా మాత్రలేవి", "రాత్రికి కూరేంటి". రోజంతా ఎవరో ఒకరికి జవాబు చెబుతూనే ఉండే మనిషికి, ఎవరూ ఏమీ అడగని పావుగంట కావాలి. పార్లర్‌లో అది దొరకదు, అక్కడా "ఐబ్రోస్ చేయమంటారా, ఫేషియల్ కూడానా" అని అడుగుతూనే ఉంటారు కదా! ధ్యానం మంచిదే, కానీ కళ్ళు మూసుకోగానే పనులన్నీ మీదపడేవాళ్ళు చాలామందే ఉంటారు, వాళ్ళకి కాళ్ళు ఆడుతుంటేనే మనసు కుదుటపడుతుంది. మీ తోడికోడలికి ఆమెది సరిపోయింది, సంతోషం. ఇక ఐదింటికి లేవడమంటారా, రాత్రి పదకొండున్నరకి గిన్నెలు సర్దేవాళ్ళు ఐదింటికి లేస్తే నిద్ర ఐదున్నర గంటలు కూడా ఉండదు, అలా కూర్చుంటే కునుకు రాక ఏమొస్తుంది?

అయితే ఒక్క పని మాత్రం వాయిదా వేయకండి. సీబీపీ (రక్తకణాలు, హిమోగ్లోబిన్ చూసే రక్తపరీక్ష), థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది, తెలంగాణలో 57.6 శాతం. హిమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే తక్కువైతే ఆ నీరసం, చిరాకు రక్తం తక్కువవడం వల్ల కూడా కావచ్చు, దానికి డైరీ రాసి లాభం లేదు. డాక్టరు ఐరన్ మాత్రలు ఇస్తే కాఫీతో, టీతో కలిపి వేసుకోకండి, ఒంటికి సరిగా పట్టదు. నిమ్మరసంతో అయితే బాగా పడుతుంది.

ఇక టైమ్ ఎక్కడిదంటారా? 2024లో కేంద్రం చేసిన టైమ్ యూజ్ సర్వేలో ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 289 నిమిషాలు దానికే పెడుతున్నారని, మగవాళ్ళు 88 నిమిషాలు పెడుతున్నారని తేలింది. కాబట్టి కొత్తగా ఏదో చేర్చుకునే ముందు ఒక పని దించుకోండి. రాత్రి గిన్నెలు మీవారికి, ఆరిన బట్టలు మడతపెట్టడం మీ అబ్బాయికి. మొదట్లో చొక్కాలు ముద్దముద్దగా పెడతాడు, పెట్టనివ్వండి, వెనకాలే వెళ్ళి మళ్ళీ మడతపెట్టారంటే మాత్రం పని మీకే తిరిగొస్తుంది.

ఆ నడకకి ట్రాఫిక్ సాకు కూడా మానేయండి. "నేను నడిచి వస్తాను, పావుగంట ఆలస్యమవుతుంది" అని ఇంట్లో ఒకసారి చెప్పేస్తే సరి. పెద్దవాళ్ళకి వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, మీ నడకా అందులోకే వస్తుంది. కానీ దయచేసి అడుగులు లెక్కపెట్టే యాప్ వేసుకోకండి, మీకిప్పటికే దిద్దాల్సిన పేపర్లు చాలానే ఉన్నాయి.

ఇంకేదైనా ప్రయత్నించాలనిపిస్తే ప్రయత్నించండి, పాటలో, కుట్టుపనో, మధ్యాహ్నం తలుపేసుకుని పడుకోవడమో. అది అయ్యాక తేలిగ్గా ఉందా, లేక టైమ్ గడిచిందంతేనా అని చూసుకోండి. రాత్రి పడుకుని రీల్స్ చూడటం చాలామందికి ఈ రెండో రకమే, నాతో సహా.

ఇవన్నీ చేసినా రెండు వారాలకి పైగా దేనిమీదా మనసు నిలవకపోయినా, ఊరికే ఏడుపొస్తున్నా మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు, ఏ వేళైనా పలుకుతారు.

రిపోర్టు వచ్చాక మళ్ళీ రాయండి. హిమోగ్లోబిన్ తక్కువ ఉంటే మాత్రం డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాకే రాయండి.